పశువైద్య నీతి (భారతదేశం)

చికిత్స పొందే పశువు, దాని యజమాని, సమాజం - ఈ ముగ్గురి మేలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు పశువైద్యుడు తీసుకునే నిర్ణయాలకు ఆధారమైన సూత్రాలను పశువైద్య నీతి అంటారు.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో మనుషులకూ పశువులకూ వైద్య ఏర్పాట్లు చేసినట్టు అశోకుడు తన రెండో శిలాశాసనంలో ప్రకటించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఈ శాసనం ఉంది. తరువాతి శతాబ్దాల్లో గుర్రాలు, ఏనుగుల చికిత్సపై గ్రంథాలు వెలువడ్డాయి.

ఆధునిక నియమాలు స్వాతంత్ర్యానంతరం రూపుదిద్దుకున్నాయి. తీవ్రంగా గాయపడి బతికించడమే క్రూరత్వమయ్యే స్థితిలో ఉన్న పశువుకు మరణం ప్రసాదించే విధానాన్ని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 13వ సెక్షన్ నిర్దేశించింది. 1984లో భారత పశువైద్య మండలి చట్టం, 1992లో పశువైద్యుల ప్రవర్తనా నియమావళి వచ్చాయి.

ఈ నీతికి అసలు పరీక్ష డైక్లోఫెనాక్ రూపంలో ఎదురైంది. పొదుగువాపు, జ్వరం, కీళ్లనొప్పులతో బాధపడే పశువులకు 1990ల నుంచి విరివిగా వాడిన ఈ మందు చవక, పైగా త్వరగా ఉపశమనమిచ్చేది. చాలా రాష్ట్రాల్లో గోవధపై నిషేధం ఉండటంతో, లేవలేని ముసలి ఆవుకు చివరి రోజుల్లో నొప్పి తగ్గించడం వైద్యుడి ధర్మంగానే కనిపించేది. ఆ ఆవు చనిపోతే కళేబరాన్ని ఊరి బయట వదిలేసేవారు. దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాలపై యూరిక్ ఆమ్లం తెల్లటి పూతలా పేరుకునేది.

భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయ ఉద్యానంలో రాబందులు తగ్గిపోవడాన్ని పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించి వెల్లడించారు. కారణం డైక్లోఫెనాకేనని పాకిస్థాన్‌లో పరిశోధించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో తేల్చింది. అప్పటికే తెల్లవీపు రాబందుల్లో అత్యధిక భాగం నశించాయి.

పశువుల కోసం ఈ మందు తయారుచేయడాన్ని భారత్ 2006లో నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే నొప్పి మందు అందుబాటులో ఉండటంతో పశువు నొప్పికీ పక్షి ప్రాణానికీ మధ్య ఒకదాన్నే ఎంచుకోవలసిన అవసరం తప్పింది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువుల పాకల్లోకి చేరుతూనే వచ్చాయి. 2015లో ఆ ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకే పరిమితం చేశారు. పెద్ద పశువుకు సరిపడా మోతాదు కావాలంటే చిన్న సీసాలు ఎన్నో విప్పాలి. దుర్వినియోగానికి అడ్డుకట్ట వేసిన మెచ్చదగిన ఉపాయమిది.

రాబందులకు హాని చేసే కీటోప్రోఫెన్, అసెక్లోఫెనాక్ మందుల వాడకాన్నీ పశువైద్యంలో 2023లో నిషేధించారు. ఈ జాగ్రత్త తెలుగు నేలకూ వర్తిస్తుంది: తెలంగాణలోని బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్టపై పొడవు ముక్కు రాబందుల ఆవాసాన్ని 2013లో గుర్తించారు. అలాంటి చోట్ల పశువుకు సూది వేసే వైద్యుడు మందు పేరుతో పాటు, పశువు చనిపోతే పూడుస్తారా, బయట వదిలేస్తారా అన్నదీ యజమానిని అడగాల్సి ఉంటుంది.