పాలకొల్లు బట్ట, అరితా గిన్నె

జపాన్‌లో క్యోటో, ఒసాకా నగరాల మధ్య యోడో నది పారుతుంది. రైళ్లు రాకముందు ఆ దారంతా పడవలదే. హిరకతా రేవు దగ్గరికి ప్రయాణికుల పడవ రాగానే తిండి అమ్మేవాళ్లు చిన్న దోనెల్లో వచ్చి చుట్టుముట్టేవారు. తింటావా, తాగుతావా అని మొరటుగా కేకలేస్తూ అన్నం, పులుసు, సారా అందించేవారు. వాళ్లు వడ్డించిన పింగాణీ గిన్నెలకు ఆ కేక నుంచే కురవాంక గిన్నెలని పేరు. మందమైన గోడ, బరువైన అడుగు, నీలిరంగులో చకచకా గీసిన పూలతీగ. పడవ ఊగినా గిన్నె ఒరగకూడదు. గోదావరి మీద లాంచీలో కూర్చుని భోంచేసినవాళ్లకు ఆ అడుగు బరువు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఈ గిన్నెలు ఎక్కువగా నాగసాకి ప్రాంతంలోని హసామి అనే ఊళ్లో తయారయ్యేవి. కొండవాలు పొడవునా గదులు గదులుగా మెట్లెక్కినట్టు కట్టిన బట్టీలు అక్కడ 150 మీటర్లకు మించి ఉండేవి. కింద పెట్టిన మంట వేడి ఒక గదిలోంచి మరో గదిలోకి ఎగబాకుతూ వేలకొద్దీ గిన్నెలను ఒక్కసారే కాల్చేది. అందుకే ధర దిగింది. ప్రభువుల ఇళ్లకే పరిమితమైన పింగాణీ 18వ శతాబ్దానికల్లా పడవవాళ్ల చేతికీ, రైతు ఇంటికీ చేరింది. పింగాణీ చరిత్రలో రాజుల పూలకుండీల కంటే నాకు ఇదే పెద్ద సంగతి.

జపాన్ పింగాణీ పుట్టుక వెనుక ఒక యుద్ధం ఉంది. 1592 నుంచి 1598 దాకా జపాన్ పాలకుడు హిదెయోషి సేనలు కొరియా మీద పడ్డాయి. తిరిగి వస్తూ అక్కడి కుమ్మరులను పట్టుకొచ్చాయి. వాళ్లలో యీ సామ్‌ప్యాంగ్ అనే ఆయన 1616లో హసామి పక్కనే ఉన్న అరితా కొండల్లో పింగాణీకి పనికొచ్చే తెల్లరాయిని కనిపెట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మన కుమ్మరి చెరువు మట్టి తెచ్చుకుంటాడు, వాళ్లది రాతి పని. వాగునీటి ఊపుతో లేచిపడే రోకళ్ల కింద ఆ రాయిని పిండి చేస్తారు. నీళ్లలో కలిపి, తేర్చి, అడుగున దిగిన ముద్దను సారె మీద పెడతారు. ఆరాక ఒకసారి కాల్చి, కోబాల్టు నీలంతో బొమ్మ గీసి, గాజుపూత ముంచి, సుమారు 1300 డిగ్రీల వేడిలో మళ్లీ కాలుస్తారు. అప్పుడు గాని గోటితో మీటితే గంట మోగినట్టు మోగదు.

ఈ గిన్నెల కథలోకి మన గోదావరి డెల్టా డచ్చివాళ్ల ఓడలెక్కి వెళ్లింది. డచ్చి కంపెనీ 1613 నాటికే పాలకొల్లులో కోఠీ పెట్టింది. తర్వాత ద్రాక్షారామంలోనూ, కాకినాడ జగన్నాథపురంలోనూ దిగింది. వాళ్లకు కావలసింది మన బట్ట. డెల్టా నేతగాళ్ల గుడ్డలు బటావియాకు, అంటే నేటి జకార్తాకు పోయి, అక్కడి నుంచి తూర్పు దేశాలన్నిటికీ చేరేవి. అటు చైనాలో 1644లో మింగు వంశం కూలి, యుద్ధాలతో అక్కడి పింగాణీ ఎగుమతి ఆగిపోయింది. డచ్చివాళ్లు అరితా వైపు తిరిగారు. 1659లో ఒక్క దఫాలోనే 50,000కు పైగా పాత్రలకు ఆర్డరు పెట్టారు. నాగసాకి నుంచి బటావియా చేరిన ఆ సరుకులో కొంత కోరమాండల్ తీరానికి, అంటే మన వైపుకే, పంపినట్టు కంపెనీ దినచర్య పుస్తకాల్లో నమోదైంది.

అయితే ఆ పింగాణీ మన వంటింట్లోకి రాలేదు. వచ్చింది జపాన్ రాగి. ఒసాకాలో శుద్ధిచేసి కడ్డీలుగా పోసిన రాగిని డచ్చివాళ్లు మచిలీపట్నంలోనూ తీరం పొడవునా అమ్మారు. ఆ రాగి నాణేలైంది, బిందెలైంది, చెంబులైంది. జపాన్ కొలిమిలో కరిగిన లోహం తెలుగింటి గంగాళంలో నీళ్లు పట్టుకుంటుంటే, అదే దేశపు తెల్లగిన్నె దొరల బల్ల దాటి ఇవతలికి రాలేదు. కారణం మన ఆచారంలోనే ఉంది. అప్పట్లో అన్నం తినేది ఆకులో, లేదంటే కంచు కంచంలో. మట్టి పాత్రకు ఎంగిలి అంటితే కడిగినా పోదని నమ్మకం, ఇక పారేయవలసిందే. పింగాణీ కూడా మట్టి లెక్కలోకే పోయింది. నోటి దగ్గరికి రాని జాడీగా మాత్రం చోటు సంపాదించింది. కోరుకొండ వైపు మెట్ట పల్లెల్లో అటక మీద ఆవకాయ జాడీని మడిగా చూసుకున్న ఇళ్లలోనే పింగాణీ పళ్లెంలో అన్నం తినడం తప్పనేవారు. ఆ పట్టింపు వల్ల చేత్తో చేసిన మంచి గిన్నెలో రోజూ తినే సుఖాన్ని మనం పోగొట్టుకున్నామనే అంటాను.

  జపాన్ గిన్నెల కంటే ముందే, సుమారుగా 14వ శతాబ్దానికే చైనా పింగాణీ మన తీరానికి వస్తోంది. నెల్లూరు జిల్లా కొత్తపట్నం తవ్వకాల్లో చైనా ఆకుపచ్చ పింగాణీ పెంకులు బయటపడ్డాయి. జపాన్ చరిత్రకారుడు నొబోరు కరషిమా బృందం అక్కడా, మోటుపల్లిలోనూ వెతికి, దక్షిణ భారత, శ్రీలంక తీరాల్లో దొరికిన పింగాణీ ముక్కల మీద 2004లో ఒక పుస్తకమే వెలువరించింది. జపాన్ నుంచి వచ్చి మన ఇసుకలో చైనా పెంకులు ఏరుకున్న ఆ పండితుల శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలి.

మన బట్టను జపాన్ ఎలా చూసుకుందో కూడా చెప్పాలి. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలను అక్కడ సరసా అంటారు. తేనీటి వేడుక జరిపే పెద్దలు ఆ గుడ్డ ముక్కలతో తమ అపురూపమైన పాత్రలకు సంచులు కుట్టించుకున్నారు, పెట్టెలకు చుట్టుకున్నారు. హికొనే ప్రభువుల ఇంట దాచిన సుమారు 450 సరసా ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్ల గిన్నెకు మన గుడ్డ చొక్కా అయింది. చిన్న పీలికను కూడా పారేయకుండా మూడు వందల ఏళ్లు కాపాడారు.

డచ్చివాళ్లు 1825లో పాలకొల్లు, జగన్నాథపురం ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. వాళ్ల బల్లల మీద పగిలిన పళ్లేలు ఎక్కడికో పోవు, ఆ మట్టిలోనే ఉంటాయి. పాలకొల్లులోనో, నరసాపురంలోనో, ద్రాక్షారామంలోనో పునాది తవ్వుతున్నప్పుడు నీలి గీతలున్న తెల్లటి పెంకు దొరికితే చెత్తలో వేయకండి. ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో కాగితం మీద రాసి, ఆ కాగితంతో సహా రాజమండ్రిలోని రాళ్లబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాలకు అందించండి.