ఏరియల్ వర్క్ ప్లాట్‌ఫామ్

మనిషిని పనిముట్లతో సహా ఎత్తుకు చేర్చి, అక్కడే నిలబడి పని చేసుకోనిచ్చే యంత్రం ఏరియల్ వర్క్ ప్లాట్‌ఫామ్. చుట్టూ రెయిలింగ్ ఉన్న తొట్టి, దాన్ని లేపే యంత్రాంగం, కింద బరువైన చట్రం దీని ప్రధాన భాగాలు. మున్సిపాలిటీల్లో వీధి దీపాలు బాగుచేసే స్కై లిఫ్ట్ బండి కూడా ఈ కోవలోదే.

చరిత్ర

నిచ్చెన మీద నిలబడితే ఒక చెయ్యి పట్టుకే సరిపోతుంది. సర్వీ కర్రలతోనో ఇనుప గొట్టాలతోనో కట్టే పరంజా రోజుల తరబడి సాగే పనికి అనువైనది. గంట పనికి దాన్ని కట్టి విప్పడానికే పొద్దు గడిచిపోతుంది. ఈ కొరత తీర్చే యంత్రాలు ముందుగా పండ్ల తోటల్లో పుట్టాయి. అమెరికాలో జే ఐటెల్ 1944లో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో టెడ్ థార్న్‌టన్-ట్రంప్ 1950ల తొలినాళ్లలో వీటిని రూపొందించారు. చెర్రీ పికర్ అన్న పేరు అలా వచ్చిందే. తోటల నుంచి ఇవి టెలిఫోన్, కరెంటు తీగల పనికి పాకాయి. 1958లో షికాగో అగ్నిమాపక కమిషనర్ రాబర్ట్ క్విన్ చొరవతో స్నార్కెల్ పేరిట మంటలార్పే పనికీ వచ్చాయి.

హూవర్ డ్యామ్ వద్ద పరంజా మీది ఇద్దరు కార్మికులు విద్యుదాఘాతంతో మరణించడం జాన్ గ్రోవ్‌ను కదిలించిందని జేఎల్‌జీ కంపెనీ చరిత్ర చెబుతుంది. ఆయన 1969లో పెన్సిల్వేనియాలో ఆ కంపెనీని స్థాపించారు. మరుసటి ఏడాది వచ్చిన దాని బూమ్ లిఫ్ట్‌ను తొట్టిలో నిలబడే నడపవచ్చు.

రకాలు, ఉపయోగాలు

సిజర్ లిఫ్ట్: కత్తెరలా అడ్డంగా పెనవేసిన ఉక్కు కడ్డీలను హైడ్రాలిక్ సిలిండర్ నెడితే వేదిక నిటారుగా లేస్తుంది. పక్కకు చాచలేదు గానీ, ఎక్కువ మందిని, సామానును మోస్తుంది. గోదాముల్లో, మాల్స్‌లో సీలింగ్, వైరింగ్ పనులకు బ్యాటరీతో నడిచేవి వాడతారు.

బూమ్ లిఫ్ట్: టెలిస్కోపిక్ రకంలో తొట్టిని మోసే పొడవాటి చెయ్యి, అంటే బూమ్, తిన్నగా సాగి దూరం అందుకుంటుంది. ఆర్టిక్యులేటెడ్ రకం కీళ్ల దగ్గర మడత పడి, అడ్డున్న పైపులను, దూలాలను దాటుతుంది. ఫ్యాక్టరీ మరమ్మతులకు, వంతెనలకు అనువు.

వాహనంపై అమర్చినవి: విద్యుత్ పనులకు ఇన్సులేటెడ్ ఫైబర్‌గ్లాస్ తొట్టి ఉంటుంది. అగ్నిమాపక శాఖలు వాడే బ్రాంటో స్కైలిఫ్ట్ ఫిన్లాండ్‌లో తయారవుతుంది.

భద్రత

ఎంత ఎత్తుకు వెళ్లగలదన్నదాని కన్నా ఒరగకుండా నిలుస్తుందా అన్నదే ఈ యంత్రాలకు అసలు పరీక్ష. నేడు అమల్లో ఉన్న వర్గీకరణ కూడా దీన్నే ఆధారం చేసుకుంది: వేదిక మధ్యభాగం చట్రం ఒరిగే హద్దు లోపలే ఉంటే గ్రూప్ ఎ, దాన్ని దాటి చాచగలిగితే గ్రూప్ బి. అందుకే మెత్తటి నేల మీద అవుట్‌రిగ్గర్ల (చట్రాన్ని నిలిపే పక్క కాళ్ల) కింద పలకలు వేయాలి. బరువు, గాలి పరిమితులు మీరకూడదు. బూమ్ లిఫ్ట్ చక్రం చిన్న గుంతలో పడినా, పైన తొట్టి ఒక్కసారిగా విసురుకొని మనిషిని బయటికి ఎగరేయగలదు. ఒంటికి హార్నెస్ కట్టుకొని, దాని పొట్టి తాడును తొట్టిలోని కొక్కానికే తగిలించాలన్న నియమం ఇందుకే. పైనున్న వ్యక్తికి స్పృహ తప్పితే దింపేందుకు కింద అత్యవసర మీటలుంటాయి. వాటిని వాడడం తెలిసిన మనిషి నేల మీద ఉండకుండా తొట్టిని లేపకూడదు.