శూన్యమాపకం: ఒక సాంకేతిక పదంలోని చిక్కు

పెనుబల్లి నుండి కొత్తగూడెం మీదుగా గోదావరి వైపు సాగే అటవీ సరిహద్దుకు పారిశ్రామిక చరిత్ర అనగానే బొగ్గు గుర్తుకు వస్తుంది. ఆ బొగ్గుతో ఆవిరిని పుట్టించే పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల వాక్యూం గేజి తప్పనిసరి పరికరం. దీనిని ‘శూన్యమాపకం’ అనడం కద్దు. ఆ పేరు పరికరం చేసే పనిని సరిగా చెప్పదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

1643లో టారిసెల్లి ప్రయోగంలో, తలకిందులుగా నిలిపిన గాజు గొట్టంలో పాదరసం దాదాపు 760 మిల్లీమీటర్ల ఎత్తున ఆగి, పైన ఖాళీ ఏర్పడింది. కొలతకు అందినది ఆ ఖాళీ కాదు, బయటి గాలి ఒత్తిడి. 1849లో బూర్డాన్ పేటెంటు పొందిన గేజిలో వంపు తిరిగిన లోహపు గొట్టం ఉంటుంది. లోపలి పీడనం తగ్గితే అది మరింత ముడుచుకొని ముల్లును తిప్పుతుంది. ఇదీ లోపలికీ బయటికీ గల తేడాను మాత్రమే చూపుతుంది.

పాల్వంచ కేంద్రం 1966లో ఉత్పత్తి ప్రారంభించింది. టర్బైన్ దాటిన ఆవిరి కండెన్సర్‌లో నీరుగా మారుతుంది. ఆవిరి ఆక్రమించిన చోటు ఒక్కసారిగా కుదించుకుపోవడంతో అక్కడ పీడనం పడిపోతుంది. ముల్లు 690 మిల్లీమీటర్లు చూపిందనుకుందాం. బయట 760 ఉంటే లోపల మిగిలినది 70. ఆవిరి దాదాపు 45 డిగ్రీల సెల్సియస్ వద్ద నీరవుతుంది. వాతావరణం మారి బయట 745కు దిగితే, అదే 690 వద్ద మిగిలినది 55 మాత్రమే. పక్కన బారోమీటరు లేనిదే ఆ అంకెకు నిండైన అర్థం లేదు. ఎక్కడో చిన్న సందు గుండా గాలి చొరబడితే ఆ మిగులు పెరుగుతుంది. అంతే బొగ్గుకు విద్యుత్తు తగ్గుతుంది. (ఆ కండెన్సర్ల నీటిని చల్లార్చిన పాత గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు.)

ఇంకా తక్కువ పీడనాల వద్ద ముల్లు చాలదు. 1874లో మెక్లియాడ్ మిగిలిన వాయువును తెలిసిన నిష్పత్తిలో కుదించి కొలిచాడు. 1906లో పిరానీ వేడి తీగను ఆశ్రయించాడు: చుట్టూ అణువులు తగ్గినకొద్దీ తీగ వేడిని నెమ్మదిగా కోల్పోతుంది. అయితే వాయువు మారితే అంకె కూడా మారుతుంది.

మణుగూరు భారజల కర్మాగారంలో చివరి దశ అల్పపీడన స్వేదనం. పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ఆ వేడిలో సాధారణ జలానికీ భారజలానికీ ఆవిరయ్యే తీరులో వ్యత్యాసం హెచ్చుతుంది. ఇక్కడా తెలియవలసినది మిగిలిన పీడనమే.

‘అల్పపీడనమాపకం’ అందామంటే, ఆ మాటను బంగాళాఖాతం ముందే ఆక్రమించుకుంది. ‘శేషపీడనమాపకం’ మేలని నా అభిప్రాయం. బూర్డాన్ గేజికి మాత్రం అదీ పూర్తిగా నప్పదు. దాని ముల్లు చూపేది పోయినదానినే, మిగిలినదానిని కాదు.