సీసా బరువు లెక్క

మొన్నామధ్య ఆఫీసులో మంచినీళ్ళ సీసా మూత తిప్పబోతే, పట్టుకున్న చోట సీసా నొక్కుకుపోయి సగం నీళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. "ఇంత పల్చగా ఎందుకు చేస్తార్రా బాబూ" అని తిట్టుకుంటూ కారణం వెతికితే, చివరికి మన ప్రోగ్రామర్లే దొరికారు!

కాస్త వెనక్కి వెళ్దాం. 1967లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు నథానియెల్ వైయెత్ కి ఒక సందేహం వచ్చింది: సోడాని ప్లాస్టిక్ సీసాలో ఎందుకు పొయ్యకూడదు? (చిత్రకారుడు ఆండ్రూ వైయెత్ ఈయన తమ్ముడే.) ఖాళీ డిటర్జెంట్ సీసాలో జింజర్ ఏల్ పోసి ఫ్రిజ్ లో పెట్టాడు. తెల్లారేసరికి అది ఉబ్బిపోయి అరల మధ్య ఇరుక్కుంది. ప్లాస్టిక్ ని నిలువుగా, అడ్డంగా రెండు వైపులా సాగదీస్తేనే అణువుల గొలుసులు వరసలో కూర్చుని బలం వస్తుందని ఆయనకి తెలుసు. ఎన్నో వికారపు ముద్దలు తయారయ్యాక, పెట్ ప్లాస్టిక్ తో అది సాధించి 1973లో పేటెంటు పొందాడు.

ఇప్పటికీ కిటుకు అదే. పరీక్షనాళికలా ఉండే మందపాటి ప్రీఫామ్ ని సుమారు 100 డిగ్రీలకి వేడిచేసి, లోపలినుంచి కడ్డీతో సాగదీసి, గాలి ఊది అచ్చుకి అతికిస్తారు. తమాషా ఏంటంటే, పెట్ బాగా సాగిన చోట గట్టిపడుతుంది. అప్పుడు పక్కనున్న మెత్తటి భాగం సాగడం మొదలుపెడుతుంది. గోడ మందం సమంగా రావడం దీని పుణ్యమే. వేడి కొంచెం అటూఇటూ అయితే మాత్రం ఒకచోట ముద్ద, ఇంకోచోట పొర!

మనవాళ్ళు వచ్చింది ఇక్కడే. ప్రీఫామ్ ని కంప్యూటర్లో చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కోటి ఎంత సాగుతుందో లెక్కకట్టారు. మొదట్లో పెట్ ని రబ్బరు బుడగలా ఊహించిన మోడల్స్ ఉండేవి. కానీ పెట్ సాగడం వేడి మీద, సాగదీసే వేగం మీద బాగా ఆధారపడుతుంది. 1995లో బక్లీ, జోన్స్ ఆ రెంటినీ లెక్కలోకి తీసుకునే మోడల్ ప్రచురించారు. కోడు సంగతి తర్వాత, ముందు ఎవరో ఒకరు ల్యాబులో ప్లాస్టిక్ రేకుల్ని వేడిచేసి లాగి ఓపిగ్గా కొలవాలి. ఆ అంకెలు తప్పయితే సిమ్యులేషన్ అంతా రంగుల బొమ్మే.

అంకెలు సరిగ్గా ఉంటే, ఉక్కు అచ్చు చెక్కించకముందే తప్పులన్నీ తెరమీదే చేసెయ్యొచ్చు. అమెరికాలో అరలీటరు నీళ్ళ సీసా సగటు బరువు 2000లో దాదాపు 19 గ్రాములుండేది, 2014కి 10 గ్రాముల లోపుకి దిగింది. ఒక్క సిమ్యులేషన్ వల్లే అనను గానీ, దాని చెయ్యీ ఉంది.

అయితే ప్రోగ్రాముకి మనం చెప్పిందల్లా "బరువు తగ్గించు, ఒకదానిమీద ఒకటి పేర్చినా కూలకూడదు" అని. అది బుద్ధిగా చేసింది. మూత తిప్పే చెయ్యి, తాగాక మురిక్కాలవలో చేరే ఖాళీ సీసా ఆ లెక్కలో లేవు. సీసాకి 9 గ్రాములు మిగిల్చాం సరే, ఎన్ని సీసాలు అన్నది ఏ సమీకరణంలోనూ రాయలేదు. వైయెత్ ఫ్రిజ్ తలుపు తియ్యగానే తన తప్పు కళ్ళారా చూశాడు. మన తప్పు తెరమీద కనబడదు, దాన్ని అక్కడ పెట్టనేలేదు కాబట్టి.

రిక్వైర్మెంట్స్ లో లేనిది బగ్ కాదని వాదించే మనకిది కొత్తేం కాదు లెండి. నా కీబోర్డు మాత్రం ఒప్పుకోవడం లేదు.