గాలాడే గుడ్డ

భిలాయి పక్కనే ఉన్న జాముల్‌లో 1965 నుంచీ ఏసీసీ సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేసుల్లో మిగిలే స్లాగ్‌ని క్లింకర్‌తో కలిపి నూరితే స్లాగ్ సిమెంటు. మిల్లులోంచి ఆ మెత్తటి పొడి గాలితోపాటు ఊరి మీద పడకుండా సిమెంటు ఫ్యాక్టరీల్లో అడ్డుపడే వాటిలో ముఖ్యమైనది గుడ్డ!

దాన్ని బ్యాగ్ ఫిల్టర్ అంటారు. వరసలుగా వేలాడే పొడుగాటి సంచులు, లోపల తీగల పంజరం. దుమ్ముగాలిని బయటినుంచి లోపలికి లాగుతారు. గాలి గుడ్డలోంచి దూరిపోతుంది, దుమ్ము పైనే ఆగుతుంది. ఉండుండి పైనుంచి కంప్రెసర్ గాలి ధబ్‌మని కొడితే సంచి ఉబ్బుతుంది, పట్టిన దుమ్ము పెళ్లలుగా హాపర్‌లోకి రాలుతుంది. తమాషా ఏమిటంటే, కొత్త సంచి కన్నా కాస్త దుమ్ము పట్టిన సంచే బాగా వడకడుతుంది. పైనున్న దుమ్ముపొరే జల్లెడ పని చేస్తుంది. అది మరీ మందమైతే గాలాడదు, ఫ్యాను రొప్పుతుంది.

ఈ చిక్కుకి మందు కుళాయి మరలకి చుట్టే తెల్ల టేపు దగ్గర దొరికింది. 1938లో డ్యూపాంట్‌లో రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్ గ్యాసుల కోసం పనిచేస్తుంటే ఒక సిలిండర్‌లోంచి గ్యాసు రాలేదు. బరువు మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లపొడి. అదే టెఫ్లాన్, టేపు చేసేది దాంతోనే. దానికి ఏదీ అంటదు, గాలీ దూరదు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టేపుకి సరుకు తక్కువ పట్టాలని వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీల్ని మెల్లగా సాగదీశాడు. అన్నీ తెగాయి. విసుగొచ్చి ఒకదాన్ని చటుక్కున లాగాడు. పది శాతం సాగితే చాలనుకున్నది ఎనిమిది వందల శాతం సాగింది! చూస్తే అందులో డెబ్బై శాతం గాలే. కంటికానని రంధ్రాల్లోంచి నీటి ఆవిరి పోతుంది, నీటిచుక్క పట్టదు.

అదే గోర్‌టెక్స్. పేరు తెచ్చింది రెయిన్‌కోటు. నన్నడిగితే అసలు ఘనత ఫిల్టర్ సంచిదే. ఇలా సాగదీసిన టెఫ్లాన్ పొర అతికించిన సంచికి దుమ్ముపొరతో పనిలేదు. దుమ్ము పైపైనే నిలిచి తేలిగ్గా రాలుతుంది. రెయిన్‌కోటుకేమో బయట పొడిగా, చల్లగా ఉండాలి, లేకపోతే చెమట ఆవిరి బయటికెళ్లదు. చలిదేశపు కొండల మీద సరే, శ్రావణమాసం ఉక్కలో అంత ఖరీదైన కోటు తొడుక్కున్నా లోపల తడవడం ఖాయం.