కొనేవాడు కట్టిన బజారు

కాకినాడ మట్టిలో పత్తి పండదు. అయినా ఒకప్పుడు విదేశీ పత్తి వర్తకుల జాబితాల్లో ‘కొకనాడా’ అనే రకం ఒకటి ఉండేది. అది కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతులు పండించిన పొట్టి పింజ పత్తి. ఓడకెక్కిన రేవు పేరే దానికి పేరయింది. పండించినవాడి ఊరుతో ఆ జాబితాకు పని లేకపోయింది. సరుకుకు పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో, ధర కట్టే అధికారం కూడా చాలావరకు వారి చేతిలోనే ఉండేది.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల మీద డెల్టా ధాన్యం రేవుకు దిగసాగింది. 1861-65 అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగిపోయి, వారి చూపు మన తీరం మీద పడింది. 1868లో ఇక్కడి యూరోపియన్ వర్తకులు కొకనాడా చాంబర్ ఆఫ్ కామర్స్ ఏర్పాటు చేసుకున్నారు. కొని ఎగుమతి చేసేవారంతా ఒకచోట కూర్చోవడానికి కుర్చీలు అమరాయన్న మాట. అమ్మే రైతుకు అందులో కుర్చీ లేదు.

కొనేవారు కలిసికట్టుగా బజారును నడపాలనుకోవడం కొత్త ఆలోచన కాదని చెప్పడానికే ఈ పాత సంగతి ఎత్తాను. కొత్తదల్లా కంప్యూటరు. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో జనరల్ మోటార్స్, ఫోర్డ్, డైమ్లర్ క్రిస్లర్ అనే మూడు మోటారు కంపెనీలు విడిభాగాల కొనుగోలుకు ఇంటర్నెట్ మీద ఉమ్మడి బజారు ప్రకటించాయి. దానికి కోవిసింట్ అని పేరు పెట్టారు. రెనో, నిస్సాన్ కూడా చేరాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద కొనుగోలుదారులు ఒకే కప్పు కింద చేరాక అమ్మేవాళ్ళు రాక చస్తారా అనుకున్నారు.

మన వేలంపాటలో ధర పైకి ఎక్కుతుంది. కోవిసింట్ పాటలో కిందికి దిగుతుంది. ఎవడు తక్కువకు ఇస్తానంటే వాడికే ఆర్డరు. తన మెడకు తాడు తానే పేనుకునే చోటికి విడిభాగాల తయారీదారుడు సంతోషంగా ఎందుకు వస్తాడు? అసలు వైరుధ్యం అక్కడితో అయిపోలేదు. ఆ కంపెనీలు పైకి భాగస్వాములే గానీ బజారులో ఒకరికొకరు పోటీదారులు. ఏ భాగం ఎంతకు కొంటున్నదీ పక్క కంపెనీకి తెలియడం ఏ ఒక్కరికీ ఇష్టం లేదు. 2003 చివర్లో వేలం విభాగాన్ని ఫ్రీమార్కెట్స్ కంపెనీకి అమ్మేశారు. మిగిలినది 2004లో కంప్యూవేర్ చేతికి పోయింది.

డెట్రాయిట్ పెద్దలకు మా వైపు పశువుల సంత ఒకసారి చూపించి ఉంటే బాగుండేదనిపిస్తుంది నాకు. అక్కడ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవారు. చుట్టూ ఎందరున్నా ధర ఆ ఇద్దరికే తెలుసు. ఆ తువ్వాలు తీసెయ్యమని కొనేవాళ్ళనే అడిగితే ఎవరు తీస్తారు?

మా నాన్న జగన్నాథపురంలో ఒక ధాన్యం కొట్టులో గుమాస్తా. బ్రోకరు వచ్చి బియ్యం అరచేతిలో పోసుకుని, రెండు గింజలు పంటికింద కొరికి, తేమ ఎంత, నూక ఎంత అన్నది చెప్పేవాడు. ఆ మాట మీద లారీ కదిలేది. డబ్బు నెలకో, రెండు నెలలకో వచ్చేది. అందాకా పూచీ అతనిదే. మన కథల్లో దళారీ కేవలం దొంగ. అతను లాభం మింగుతాడన్నది నిజమే. కానీ అప్పు, నాణ్యత, పూచీ అనే మూడు పనులు చేసి మరీ మింగుతాడు. ఆ పనులు ఎవరు చేస్తారో చెప్పకుండా అతన్ని తీసేస్తామన్న పథకాలన్నీ అక్కడే కుంటుతున్నాయి.

ఈ మధ్య ఒక బియ్యం బ్రోకరును అడిగాను, ఎగుమతిదారులంతా కలిసి ఒక సైటు పెట్టుకుంటే పోదా అని. “భలేవారండీ మేస్టారూ! ఆళ్ళ సైటులో ఆళ్ళ రేటు ఒకళ్ళదొకళ్ళకి కనపడిపోద్ది కదండీ. ముందు ఆళ్ళే పెట్టరండి” అన్నాడు. ఇంతలో ఫోను మోగింది, పక్కకు వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడాడు.

ప్రభుత్వం నడిపితే? 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 యార్డులతో ఈ-నామ్ మొదలైంది. 2020 నాటికి వెయ్యి యార్డులకు చేరింది. అయినా వ్యాపారంలో అధికభాగం ఏ యార్డులో సరుకు ఆ యార్డులోనే తెగుతున్నది. దూరాన ఉన్న కొనుగోలుదారుడు కంటితో చూడని రాశిని నమ్మాలంటే నాణ్యత పరీక్ష మీద గురి ఉండాలి.

పొగాకు కథ వేరు. 1912లో పుట్టిన ఐ.ఎల్.టి.డి. కంపెనీ కాలం నుంచి వర్జీనియా రైతు గ్రేడూ ధరా కొనేవాడి నోటి నుంచే వినేవాడు. 1976లో పొగాకు బోర్డు వచ్చింది. 1984లో కర్ణాటకలో, 1985లో మన రాష్ట్రంలో వేలం మొదలైంది. దేవరపల్లి, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వేలం కేంద్రాలు అలా వచ్చినవే. వేదిక కొనేవాడిదీ కాదు, అమ్మేవాడిదీ కాదు. చట్టం ఇరుపక్షాలనూ అక్కడికే రప్పించింది. తరువాత వేలం కేకల స్థానంలో ఎలక్ట్రానిక్ యంత్రం వచ్చినప్పుడు పెద్ద చిక్కు రాలేదంటే, నమ్మకం అప్పటికే కట్టి ఉండడం వల్లనే.

అయితే వేదిక ఎంత చక్కగా ఉన్నా పాడేవాళ్ళు గుప్పెడు మందే అయితే ఏమవుతుందో 2020లో చూశాం. కంపెనీలు పాటకు వెనకాడి ధరలు పడిపోతే, ఆ జూలైలో రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దింపింది. కంపెనీల వరసలో అది కూడా ఒక కొనుగోలుదారుగా నిలబడి పాట పాడింది.