గల్లీలో కొత్త నల్లా లైన్: ఖర్చు ఎవరు ఎంత పంచుకోవాలి?

పాత పైపు తుప్పు పట్టింది. లేదంటే కొత్తగా కట్టుకున్న ఇళ్ల దాకా లైనే రాలేదు. ఇలాంటి మొహల్లాల్లో ఇంటి యజమానులంతా కలిసి డబ్బు వేసుకుని లైన్ వేయించుకోవడం మామూలే. నీళ్లు కావాలన్న విషయంలో గొడవ ఉండదు. గొడవంతా లెక్క దగ్గరే వస్తుంది. చివరి ఇంటివాళ్లు ఎక్కువ ఇవ్వాలా? అపార్ట్‌మెంట్‌ను ఒక్క ఇల్లుగా లెక్కేయాలా? ఇప్పుడు వద్దన్నవాళ్లు రేపు కనెక్షన్ తీసుకుంటే ఏం చేయాలి?

ముందు తెలుసుకోవాల్సింది

నల్లా ఖర్చులో మూడు భాగాలు ఉంటాయి. వీటిని కలిపేస్తే లెక్క తప్పుతుంది.

- మెయిన్ లైన్: రోడ్డు కింద అందరి కోసం వేసే పైపు, వాల్వులు, రోడ్డు తవ్వకం, మళ్లీ పూడ్చడం. పంచుకోవాల్సింది ఇదే.
- ఇంటి కనెక్షన్: మెయిన్ లైన్ నుంచి గేటు దాకా పైపు, మీటరు. ఇది ఎవరిది వారే పెట్టుకోవాలి.
- నెల బిల్లు: వాడకాన్ని బట్టి వచ్చేది. హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఈ బిల్లుకు సంబంధించినది. లైన్ ఖర్చుతో దానికి సంబంధం లేదు.

హైదరాబాద్‌లో జలమండలి, ఇతర పట్టణాల్లో మున్సిపాలిటీ అనుమతి లేకుండా రోడ్డు తవ్వకూడదు, మెయిన్ లైన్‌కు పైపు కలపకూడదు. సర్కారు నిధులతో ఆ పని జరిగే అవకాశం ఉందేమో ముందుగా ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. పట్టణాల్లో ఇంటింటికీ నల్లా కోసం కేంద్రం 2021 అక్టోబరులో అమృత్ 2.0 ప్రారంభించింది. గ్రామాల కోసం 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ నిబంధనల్లో, ఊరి లోపల పనుల ఖర్చులో సాధారణంగా 10 శాతం ప్రజల వాటా. కొండ, అటవీ ప్రాంతాల్లో, ఎస్సీ, ఎస్టీలు సగానికి పైగా ఉన్న ఊళ్లలో అది 5 శాతం. ఆ వాటాను డబ్బుగానే కాదు, సామానుగా, శ్రమగా కూడా ఇవ్వొచ్చు.

నాలుగు పద్ధతులు, నాలుగు లెక్కలు

ఉదాహరణకు ఒక గల్లీ తీసుకుందాం. 5 ఇళ్లు, గల్లీ చివర 7 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి. మొత్తం ఖర్చు ₹2,40,000 అనుకుందాం.

1. ఆస్తికి సమానంగా: ఆరు ఆస్తులు, ఒక్కొక్కటికి ₹40,000. లెక్క సులువే. కానీ ఫ్లాట్ యజమానికి సుమారు ₹5,714 పడితే, ఇంటి యజమానికి ₹40,000 పడుతుంది.

2. ముఖభాగం అడుగుల లెక్కన: ఒక్కో ఇంటి ముందు 20 అడుగులు, అపార్ట్‌మెంట్ ముందు 60 అడుగులు. మొత్తం 160 అడుగులు, అడుగుకు ₹1,500. ఇంటికి ₹30,000, అపార్ట్‌మెంట్‌కు ₹90,000.

3. కుటుంబాల లెక్కన: 5 ఇళ్లు, 7 ఫ్లాట్లు కలిపి 12. ఒక్కొక్కరికి ₹20,000. అపార్ట్‌మెంట్ మొత్తం వాటా ₹1,40,000.

4. దూరం లెక్కన: లైన్‌ను ఆరు సమాన ముక్కలు చేస్తే ముక్కకు ₹40,000. మొదటి ముక్కను ఆరుగురూ వాడతారు, ఆరో ముక్కను చివరి ఆస్తి ఒక్కటే వాడుతుంది. ఇలా పంచితే మొదటి ఇంటికి సుమారు ₹6,667, చివరి ఆస్తికి ₹98,000 పడుతుంది.

నాలుగో పద్ధతి పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ గల్లీ చివర ఉన్నది పేద కుటుంబమైతే వాళ్లు నీళ్లే వదులుకోవాల్సి వస్తుంది. నీటి వాడకం కుటుంబాల సంఖ్యను బట్టే పెరుగుతుంది కాబట్టి, ఇళ్లూ ఫ్లాట్లూ కలిసి ఉన్న గల్లీలకు మూడోది ఎక్కువగా సరిపోతుంది. ఖాళీ ప్లాట్లు ఎక్కువుంటే రెండోది నయం.

అమెరికాలోనూ ఇదే సమస్య ఉంది. మేరీల్యాండ్‌లో వాషింగ్టన్ సబర్బన్ శానిటరీ కమిషన్ పరిధిలోని చాలా ఇళ్లకు ముఖభాగం అడుగుల లెక్కన చార్జీ ఉంటుంది. అక్కడ ఇల్లు కొనే మనవాళ్లు ఈ బకాయి ఉందో లేదో రిజిస్ట్రేషన్‌కు ముందే చూసుకోవాలి.

ఇప్పుడు వద్దని, తర్వాత వస్తే?

మనసులు ఎక్కువగా విరిగేది ఇక్కడే. రోడ్డులో లైన్ పడ్డాక అది సంస్థ ఆధీనంలోకి వెళ్తుంది. తర్వాత దరఖాస్తు చేసుకున్నవారికి కనెక్షన్ ఇవ్వడానికి డబ్బు వేసుకున్నవాళ్లను అడగాల్సిన పని ఉండదు. అందుకే ఒప్పందం ముందే రాసుకోవాలి.

సమాన వాటా పద్ధతిలో ఒకరు తప్పుకుంటే మిగతా ఐదుగురికి తలా ₹48,000 పడుతుంది. ఆరో వారు తర్వాత వచ్చి ₹40,000 ఇస్తే, ఐదుగురికీ తలా ₹8,000 వాపసు వస్తుంది. పైపు పాతదవుతుంది కాబట్టి తరుగుదల కూడా పెట్టుకోవచ్చు. 30 ఏళ్ల లెక్కన చూస్తే, ఆరేళ్ల తర్వాత వచ్చినవారు 30లో 24 వంతులు, అంటే ₹32,000 ఇవ్వాలి.

చట్టం ఏమంటుంది

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 43 గుర్తుంచుకోవాలి. కాంట్రాక్టరుతో ఐదుగురు కలిసి సంతకం చేస్తే, వేరేగా రాసుకోకపోతే, అతను మొత్తం డబ్బు ఒక్కరి దగ్గరే అడగొచ్చు. ఆ ఒక్కరు కట్టాక మిగతావాళ్ల నుంచి సమానంగా రాబట్టుకోవాలి. నోటిమాటగా అడుగుల లెక్క అనుకున్నా, కాగితం లేకపోతే దాన్ని రుజువు చేయడం కష్టం. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా చేసిన పని వల్ల మేలు పొందినవారు పరిహారం ఇవ్వాలని సెక్షన్ 70 చెబుతుంది. అయితే వద్దన్న పొరుగువారి కేసులో అది వర్తిస్తుందో లేదో పరిస్థితులను చూసి కోర్టే తేల్చాలి.

ఉమ్మడి ఇల్లు, కిరాయి ఇల్లు, మసీదు

తండ్రి పేరు మీదే ఉండి ఇంకా పంచుకోని ఇల్లు గల్లీ లెక్కలో ఒక్క ఆస్తే. లోపల వారసత్వ వాటాల ప్రకారం పంచుకోవాలనుకుంటే ₹40,000లో తల్లికి ఎనిమిదో వంతు, అంటే ₹5,000. మిగిలిన ₹35,000లో ఇద్దరు కొడుకులకు తలా ₹14,000, కూతురికి ₹7,000. ఆ ఇంట్లో ఉండని చెల్లెలి వాటాను అన్నదమ్ములు తామే భరిస్తే, అది బహుమతో అప్పో అప్పుడే చెప్పుకోవాలి. లేదంటే రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఆ మాటే తగాదా అవుతుంది.

కొత్త లైన్ ఆస్తి విలువ పెంచుతుంది కాబట్టి దాని ఖర్చు యజమానిదే. కిరాయిదారు వాడకం బిల్లు కడితే చాలు. మసీదు లేదా వక్ఫ్ ఆస్తి ఉంటే కమిటీ తీర్మానం రాసి, రసీదు మసీదు పేరునే తీసుకోవాలి.

సంతకానికి ముందు చూసుకోండి

- కనీసం రెండు ఎస్టిమేట్లు, అందరికీ కాపీలు.
- పంపకం పద్ధతి, ఒక్కొక్కరి వాటా, కట్టాల్సిన తేదీ.
- కట్టలేని కుటుంబానికి వాయిదాలు, ఆ లోటు ఎవరు భరిస్తారో.
- తర్వాత చేరేవారి లెక్క.
- ఇద్దరి సంతకంతో నడిచే బ్యాంకు ఖాతా, ప్రతి చెల్లింపుకూ రసీదు.
- పని అయ్యాక ఖర్చుల పట్టిక, మిగిలిన డబ్బు వాపసు.